హసన్‌పర్తి దాటి 150 గజాలా, కుమార్‌పల్లిలో పాత ఫ్లాటా?

కుమార్‌పల్లి కోడలు:

అందరికీ నమస్తే. మా ఇంట్లో నెల రోజులుగా ఒకటే చర్చ, ఎంతకీ తెగడం లేదు. ఇక్కడ హన్మకొండ, వరంగల్, కాజీపేట వాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. కొంచెం పొడుగైనా చదవండి.

మేం పదకొండేళ్లుగా కుమార్‌పల్లిలో కిరాయికి ఉంటున్నాం. నేను హన్మకొండ చౌరస్తాకు దగ్గర్లో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. ఇంటి నుంచి నడిస్తే 12 నిమిషాలు. మా ఆయన వరంగల్ చౌరస్తా దగ్గర మందుల హోల్‌సేల్ షాపులో లెక్కలు చూస్తారు, బండి మీద 6 కిలోమీటర్లు. పాప ఏడో తరగతి. అత్తమ్మకు 68 ఏళ్లు. మోకాళ్ల నొప్పులున్నా రోజూ పొద్దున వేయిస్తంభాల గుడికి నడిచి వెళ్లొస్తారు. వచ్చేటప్పుడు పాల ప్యాకెట్, కొత్తిమీర ఆమే తెస్తారు.

ఇప్పుడు ఇల్లు కొనే సమయం వచ్చింది. చేతిలో కొంత ఉంది, మిగతాది బ్యాంకు లోన్. రెండు బేరాలు ముందున్నాయి.

ఒకటి, హసన్‌పర్తి దాటాక ఎల్కతుర్తి వైపు ఒక వెంచర్‌లో 150 గజాల ప్లాటు. గజం 15 వేలు, అంటే 22.5 లక్షలు. చిన్న ఇల్లు కట్టుకుంటే ఇంకో 18 లక్షలు అవుతాయని మేస్త్రీ చెప్పాడు. రెండోది, మేం ఉండే గల్లీకి రెండు గల్లీల అవతల ఒక అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. 950 అడుగులు, 2011లో కట్టింది, 38 లక్షలు చెబుతున్నారు.

మా ఆయనకు ప్లాటే కావాలి. ఆయన మనసు నాకు తెలుసు. మా మామయ్య బతికినంత కాలం కిరాయి ఇళ్లలోనే ఉన్నారు. ఈయన చిన్నప్పుడు ఇల్లు మారిన ప్రతిసారీ రిక్షాలో సామాన్ల మీద, బియ్యం డబ్బా పట్టుకొని కూర్చునేవారట. అట్లా తొమ్మిది ఇళ్లు. "నేల మీద ఇది మనది అని గోడ కట్టుకోవాలె" అంటారు. ఆ మాట అన్నప్పుడు ఎదురు మాట్లాడబుద్ధి కాదు.

కానీ పోయిన ఆదివారం అందరం ఆ వెంచర్ చూడటానికి వెళ్లాం. కమాను బాగుంది, రంగులేశారు. లోపలికి మొరం రోడ్డు. మెయిన్ రోడ్డు నుంచి మా ప్లాటు వరకు బండి మీటర్ చూస్తే 1.4 కిలోమీటర్లు. మొత్తం 200 దాకా ప్లాట్లు అన్నారు. ఎన్ని ఇళ్లలో మనుషులు ఉంటున్నారని అడిగితే "మస్తుమంది ఉంటున్నరు మేడం" అని ఆ ఏజెంట్ అన్నాడు. నేను, పాప కలిసి కరెంటు మీటర్ డబ్బాలు లెక్కబెట్టాం. పదకొండు. మిగతా జాగ అంతా సర్కారు తుమ్మ, మధ్యమధ్యలో తెల్ల రంగు వేసిన హద్దురాళ్లు. ఆ ప్లాట్లు ఎవరివి అంటే ఉద్యోగస్తులవి, అమెరికాలో ఉన్నవాళ్లవి, రేటు పెరిగితే అమ్ముకుంటారట.

అత్తమ్మ ఒక్క మాటే అడిగారు: "ఈడ పాలు ఎక్కడ దొరుకుతయి?" ఎవరి దగ్గరా జవాబు లేదు.

నేను ఇంటికొచ్చి లెక్క వేశా. అక్కడి నుంచి నా ఆసుపత్రి 14 కిలోమీటర్లు, ఆయన షాపు 20. లీటర్ పెట్రోల్ 107 లెక్కన ఇద్దరికీ కలిపి నెలకు దగ్గర దగ్గర 4 వేలు. ఇప్పుడు అయ్యేది 700 లోపే. డబ్బు సంగతి అట్లా ఉంచండి. నాకు వెళ్లేటప్పుడు 23 నిమిషాలు, వచ్చేటప్పుడు 23 నిమిషాలు ఎక్కువ పడుతుంది. 26 డ్యూటీలకు 20 గంటలు. అంటే ప్రతి నెలా రెండున్నర డ్యూటీలు జీతం లేకుండా రోడ్డు మీద చేసినట్టే. మధ్యాహ్నం డ్యూటీ రాత్రి 9కి అయిపోతుంది, హ్యాండోవర్ ఇచ్చేసరికి 9:20. ఆ టైంలో ఆ మొరం రోడ్డు మీద స్కూటీ నడపాలంటే నాకు ఇప్పటి నుంచే టెన్షన్.

ఫ్లాటు అంటే మా ఆయనకు నచ్చనిది కూడా అబద్ధం కాదు. పైన వాళ్ల కుర్చీ జరిపిన చప్పుడు కింద వినిపిస్తుంది. పాత బిల్డింగ్. రేపు పడగొట్టాల్సి వస్తే మనకు ఏం మిగులుతుంది అంటారు.

రెండు వైపులా ఉన్నవాళ్లు మీ అనుభవం చెప్పండి. ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లు, షిఫ్ట్ డ్యూటీలు ఉన్నవాళ్లు.

మడికొండ సార్:

చెల్లె, ఊరి బయట అంటే అంతా ఒకటే అనుకోవద్దు. నేను 2016లో మడికొండలో 133 గజాల్లో కట్టుకున్నా. అంతకుముందు సుబేదారిలో కిరాయికి ఉండేవాళ్లం. ఇప్పుడు పెరట్లో గోంగూర, బీరపాదు, రెండు బొప్పాయి చెట్లు ఉన్నాయి. ఎండాకాలం రాత్రి మేడ మీద పడుకుంటే మెట్టుగుట్ట వైపు నుంచి గాలి వస్తుంది. ఆ సుఖం ఫ్లాటులో రాదు. మీ ఆయన కోరిక ఊరికే పుట్టింది కాదు.

అయితే నాకు కలిసొచ్చింది ఒకటుంది. మా ఇంటి వెనక గోడ దాటితే పాత ఊరే. కిరాణం, పిండి గిర్ని, టైలర్, సర్కారు బడి, హోటల్ అన్నీ మేం రాకముందే ఉన్నాయి. హైదరాబాద్ రోడ్డు పక్కనే కాబట్టి పొద్దున అయిదు నుంచి రాత్రి వరకు ఏదో ఒక బండి దొరుకుతుంది. మా అమ్మ ఎనభై ఏళ్ల మనిషి, గిర్నికి తానే పోతుంది, అక్కడ అరగంట ముచ్చట పెట్టి వస్తుంది. ఊరిని ఆనుకొని కట్టుకోవడం వేరు, పొలాల మధ్య కమాను పెట్టిన చోట కట్టుకోవడం వేరు. మీరు చెప్పిన 1.4 కిలోమీటర్ల మొరం రోడ్డు వింటేనే నాకు నచ్చలేదు.

ఇంకొకటి. పాప ఏడో తరగతి అన్నారు. మూడేళ్లలో పది అయిపోతుంది, ఇంటర్‌కు హన్మకొండకే రావాలి. మా బాబు ఇంటర్‌లో ఉన్నప్పుడు రెండేళ్లు పొద్దున 5:40కి నేనే బండి తీసేవాణ్ని. చలికాలం కాజీపేట బ్రిడ్జి మీద మంచులో ముందు లారీ ఉందో లేదో కనిపించేది కాదు. ఆ రెండేళ్లు నేను నిద్ర సరిగ్గా పోలేదు. మడికొండ నుంచే అట్లా ఉంటే మీకు ఇంకా దూరం.

ప్లాటే కావాలంటే హసన్‌పర్తి ఊళ్లోనే పాత ఇల్లు ఏదైనా అమ్మకానికి ఉందేమో అడగండి. గజాలు తగ్గినా ఊరు దొరుకుతుంది.

గిర్మాజిపేట:

అక్కా, నేను పుట్టింది, పెరిగింది వరంగల్ పాత బస్తీలో. మా గల్లీలో రెండు బండ్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాలి. అయినా మా నాన్న ఇప్పటికీ బండి కొనలేదు, అవసరం రాలేదు. బియ్యం, బట్టలు, బంగారం, స్టేషన్, అన్నీ నడక దూరమే. ఇరుకు అని బయటివాళ్లు అంటారు గానీ మాకు ఆ ఇరుకులోనే అన్నీ అందుతాయి.

కానీ ఫ్లాటు కొనేముందు ఒక పని చెయ్యండి. కింద పార్కింగ్‌లోకి దిగి గోడలు చూడండి. 2020 ఆగస్టులో, 2023 జూలైలో మన సిటీలో ఎన్ని కాలనీలు మునిగాయో మీకు తెలుసు. హంటర్ రోడ్డు వైపు, నయీంనగర్ నాలా పక్కన ఇళ్లల్లోకి నీళ్లు వచ్చాయి. మనవి గొలుసుకట్టు చెరువులు, పైది అలుగు పారితే కిందికి రావాల్సిందే. నాలా దారిలో ఇల్లు కడితే నీళ్లు ఎటు పోవాలి? రంగు వేసినా నీళ్లు నిలిచిన గీత సున్నం కింద నుంచి బయటపడుతుంది. గీత ఉంటే వాచ్‌మన్‌ను కాదు, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే ఆడవాళ్లను అడగండి. వాళ్లు ఉన్నది ఉన్నట్టు చెబుతారు.

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్:

బిడ్డా, నేను నీళ్లు, డ్రైనేజీ పనుల్లో పనిచేసి రిటైర్ అయిన. నా సర్వీసు మొత్తం పైపులు ఎక్కడిదాకా వేయాలి అనే గొడవతోనే గడిచింది. అందుకని కొంచెం లెక్కలు చెప్తా, ఓపిగ్గా చదువు.

ఎకరానికి 4840 గజాలు. లేఅవుట్ వేస్తే రోడ్లకు పోయేది పోగా, పది శాతం ఖాళీ జాగ వదలాలి. ప్లాట్లకు మిగిలేది సగానికి కొంచెం ఎక్కువ. 150 గజాల లెక్కన ఎకరానికి పదిహేడు ప్లాట్లు వస్తే గొప్ప. నువ్వు చూసిన 200 ప్లాట్ల వెంచర్‌కు పన్నెండు ఎకరాలు పట్టి ఉంటుంది. అందులో పదకొండు ఇళ్లు. అంటే ఎకరానికి ఒక్క కుటుంబం కూడా లేదు. ఇప్పుడు నువ్వు చూసే ఫ్లాటు, అసోంటి బిల్డింగ్ మామూలుగా 600 గజాల్లో నాలుగు అంతస్తులు, పదహారు ఇళ్లు ఉంటుంది. ఆ లెక్కన అదే 200 కుటుంబాలకు ఎకరంన్నర చాలు.

దీంతో నీకేం పని అంటావా? పైపు, స్తంభం, మోరీ, చెత్త బండి, బస్సు, ఇవన్నీ ఇంటిని బట్టి రావు, రోడ్డు పొడుగును బట్టి ఖర్చవుతాయి. పదకొండు ఇళ్ల కోసం పన్నెండు ఎకరాల రోడ్ల వెంట లైన్ వేయమని ఏ ఆఫీసులో అడిగినా, ముందు ఇళ్లు కట్టుకోండి అప్పుడు చూద్దాం అంటారు. కట్టుకున్నవాళ్లు, ముందు లైన్ రానీ అంటారు. ఈ రెండు మాటల మధ్య పదేళ్లు పోయిన కాలనీలు నాకు తెలుసు. మన కార్పొరేషన్‌లో 42 ఊళ్లు కలిపిన తర్వాత డివిజన్లు 66 అయినయి. కలిపినంత తొందరగా పైపులు పోలేదు. నీ వెంచర్ ఆ హద్దు కూడా దాటి ఉంది, అంటే బోరే దిక్కు. ఎండాకాలం బోరు ఎండితే ట్యాంకర్. సిటీలో తిప్పలు లేవని కాదు. కానీ ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల నీళ్లు శుద్ధి చేసి పంపేది ఇక్కడికి.

నాకు బాధ ఏందంటే, సిటీకి దగ్గర్లో జాగ లేక మనం దూరం పోతలేము. భీమారం నుంచి హసన్‌పర్తి దాకా రోడ్డుకు రెండు దిక్కులా చూడు, ఎన్ని ఖాళీ ప్లాట్లు తుమ్మలు పట్టి ఉన్నయో. ఎవరో కొని పెట్టుకున్నరు, ఉండరు, అమ్మరు. వాళ్ల ఖాళీ జాగలు దాటుకుంటూ ఉండేటోడు రోజూ పెట్రోల్ పోసుకొని పోవాలె. ఆ ఖర్చు ప్లాటు రేటులో రాయరు.

ఇక కాగితాల సంగతి. ప్లాటు అయితే కుడా, అంటే కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, అనుమతి ఉన్న లేఅవుట్ అవునా, ఖాళీ జాగ పంచాయతీకి గిఫ్ట్ డీడ్ చేశారా చూడు. అనుమతి లేనిదైతే దాన్ని సక్రమం చేసుకునే ఎల్‌ఆర్‌ఎస్ ఫీజు కట్టిన రసీదు అడుగు, ఊరికే దరఖాస్తు పెట్టిన కాగితం చూపిస్తే నమ్మకు. 2020 ఆగస్టు 26 తర్వాత పుట్టిన అనుమతి లేని లేఅవుట్‌కు ఆ ఎల్‌ఆర్‌ఎస్ దారి కూడా లేదు. ఇంటి అనుమతి ఇప్పుడు ఆన్‌లైన్‌లో తేలిక, 600 గజాల లోపు ఇళ్లకు సొంత ధ్రువీకరణ మీద ఇస్తరు, కానీ లేఅవుటే సరిగ లేకపోతే ఆ తేలిక నీకు రాదు. మేస్త్రీ చెప్పిన 18 లక్షల్లో బోరు, ప్రహరీ గోడ, గేటు, సెప్టిక్ ట్యాంకు ఉన్నయా? ఉండవు. అడిగి చూడు.

ఫ్లాటు అయితే నీ వాటాకు ఎన్ని గజాల భూమి రాశారో చూడు. పదహారు ఇళ్లకు 600 గజాలు అయితే నీకు 35, 37 గజాలు రావాలె. అది నీ పేరు మీద పక్కా రిజిస్టర్ అవుతది. బిల్డింగ్ రేపు పడగొట్టినా ఆ భూమి ఎటూ పోదు. మీ ఆయనకు ఈ ఒక్క ముక్క చదివి వినిపించు.

ఉప్పల్ నుంచి వాపస్:

అక్కా, నేను ఆరేళ్లు బోడుప్పల్‌లో ఉండి రాయదుర్గంలో పనిచేశా. 2019లో రాయదుర్గం వరకు మెట్రో వచ్చినప్పుడు మా కష్టాలు తీరాయి అనుకున్నా. మెట్రోలో కూర్చున్నంతసేపు బాగానే ఉండేది. ఇంటి నుంచి ఉప్పల్ స్టేషన్ దాకా బండి మీద రోజూ ఇరవై నిమిషాలు, అక్కడ పార్కింగ్ కోసం తిరగడం, అటు దిగాక ఆఫీసు దాకా మళ్లీ ఆటో. నా సమయం తిన్నది మధ్యలో ఉన్న పెద్ద దూరం కాదు, రెండు చివర్ల ముక్కలు. మీకు ఆ 1.4 కిలోమీటర్లు అట్లాంటి ముక్క. హన్మకొండ దాకా ఎంత మంచి రోడ్డు వేసినా అది పోదు.

ఇప్పుడు మడికొండ ఐటీ పార్కులో పని. కాజీపేట ఫాతిమా నగర్‌లో కిరాయి, బండి మీద పావుగంట. సాయంత్రం ఆరున్నరకు మా బాబుతో క్యారమ్స్ ఆడుతున్నా. బోడుప్పల్‌లో ఉన్నప్పుడు వాడు నన్ను చూసేది ఆదివారమే.

కుమార్‌పల్లి కోడలు:

అందరికీ చాలా థాంక్స్. మీరు చెప్పినవి ఒక్కొక్కటి చేసి చూశాం. ఏమైందో చెప్పకపోతే బాగుండదు.

మంగళవారం నాకు వీక్లీ ఆఫ్. అత్తమ్మను తీసుకొని మా ఆయన బండి మీద వెంచర్ కమాను దగ్గర పొద్దున 7:10కి దింపించుకున్నా. అక్కడ ఉంటే ఎట్లా వస్తామో అట్లా హన్మకొండకు వద్దామని. బస్ స్టాప్ అని ఏమీ లేదు, అత్తమ్మ కిలోమీటరు రాయి మీద కూర్చున్నారు. కరీంనగర్ నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్‌లు రెండు ఆగకుండా పోయాయి. షేర్ ఆటో ఒకటి వచ్చింది గానీ అందులో అప్పటికే తొమ్మిది మంది. 35 నిమిషాలకు పల్లెవెలుగు వచ్చింది. ఎక్కాక ఆధార్ చూపిస్తే కండక్టర్ రెండు జీరో టికెట్లు ఇచ్చాడు. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమే. అత్తమ్మ ఆ టికెట్ చేతిలో పట్టుకొని, "పైసలు అడుగుతలేరు గానీ బిడ్డా, బస్సే అడుగంగ అడుగంగ వచ్చింది" అన్నారు. చౌరస్తాలో దిగేసరికి 8:35. అప్పటికి ఆమె గుడికి వెళ్లి వచ్చి, పాలు కాచి, టీ తాగి ఉండేవారు.

అదే రాత్రి ఆయన, నేను కలిసి 9:20కి ఆసుపత్రి గేటు దగ్గర బయలుదేరి వెంచర్ దాకా వెళ్లాం. హసన్‌పర్తి దాకా ఏ ఇబ్బందీ లేదు, లైట్లున్నాయి, మనుషులున్నారు. కమాను లోపల స్తంభాలకు లైట్లు లేవు. మూల మలుపు దగ్గర కుక్కలు వెంటపడ్డాయి. ఆయన బండి ఆపి, హెడ్‌లైట్ వేసి ఉంచి, కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నువ్వొక్కదానివే ఎట్లా వస్తావు" అన్నారు. నేను నెల రోజులుగా అడుగుతున్నది అదే. నా నోటి నుంచి విన్నప్పుడు కాదు, అక్కడ నిలబడ్డప్పుడు ఆయనకు అర్థమైంది. ప్లాటు వద్దని మరుసటి రోజు ఏజెంట్‌కు ఆయనే ఫోన్ చేసి చెప్పారు.

మడికొండ సార్, మీరు అన్నట్టు హసన్‌పర్తి ఊళ్లో కూడా వాకబు చేశాం. ఒక పాత పెంకుటిల్లు ఉంది, ఊరి మధ్యలో, నాకు బాగా నచ్చింది. కానీ అన్నదమ్ముల పంపకాలు తేలలేదట, కోర్టులో ఉంది.

గిర్మాజిపేట అన్నా, మీరు చెప్పిన గీత దొరికింది. ఫ్లాటు కింద పార్కింగ్‌లో, మెట్ల పక్క గోడకు. పాప స్కేలు పెట్టి కొలిస్తే నేల నుంచి 34 సెంటీమీటర్లు. గ్రౌండ్ ఫ్లోర్ పెద్దమ్మను అడిగితే, 2023 వానకు ఒక పూట నిలిచింది, ఇళ్లల్లోకి రాలేదు, ఆ తర్వాత మోటార్‌ను ఎత్తు దిమ్మె మీదికి మార్చారు అని చెప్పింది. వాచ్‌మన్ మాత్రం ఎప్పుడూ రాలేదన్నాడు. ఆ గీత చూపించి రేటు 36.5 లక్షలకు దింపాం.

ఇన్‌స్పెక్టర్ సార్, డాక్యుమెంట్‌లో మా వాటా 36 గజాలు అని ఉంది. ఆ లైను మా ఆయనకు చూపించా. రెండుసార్లు చదువుకున్నారు, నాలుగు దిక్కుల హద్దులు కూడా చదివారు. ఇంకా పూర్తిగా సంతోషంగా లేరు, అది నాకు తెలుసు. తొమ్మిది ఇళ్లు మారిన మనిషికి గోడ మీద ఉన్న ఆశ ఒక వారంలో పోదు. మేడ మీద కుండీలు పెట్టుకోవచ్చా అని అసోసియేషన్ వాళ్లను ఆయనే అడిగి వచ్చారు. పెట్టుకోండి, కానీ స్లాబ్ మీద నేరుగా మట్టి పోయొద్దు అన్నారట. అత్తమ్మ అప్పుడే తులసి, కరివేపాకు అంటున్నారు.

సార్, ఒక్క అనుమానం మిగిలింది. పార్కింగ్‌లో మాకు ఒక బండి జాగ ఉందని అమ్మేవాళ్లు నోటితో చెబుతున్నారు, డాక్యుమెంట్‌లో ఎక్కడా లేదు. అసోసియేషన్ నుంచి రాయించుకుంటే సరిపోతుందా, లేక రిజిస్ట్రేషన్‌లోనే రాయించాలా? శనివారం అడ్వాన్స్ ఇవ్వాలి. ఆలోపు చెప్పగలరా.

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్:

రిజిస్ట్రేషన్‌లోనే రాయించు బిడ్డా. అసోసియేషన్ వాళ్లు మారుతుంటరు, మాట మారుతది. అడ్వాన్స్ ఇచ్చేనాడు అగ్రిమెంట్‌లోనే ఆ ముక్క రాయించి, పార్కింగ్‌లో మీ జాగ ఎక్కడో గీసిన చిన్న ప్లాన్ మీద అమ్మేవాళ్ల సంతకం తీసుకో. ఆ గీత ఉన్న గోడ పక్కన కాకుండా చూసుకో.